మాట – మర్యాద – మొహమాటం

మన ఇంటికి మధ్యాహ్నం వేళ చుట్టం వస్తాడు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, భోజనానికి లేవమంటాం. “ఇప్పుడే తిని వచ్చానండి, ఏమీ వద్దు” అంటాడు. ఆ మాటను మనం నమ్మం. మనం నమ్మమని అతనికీ తెలుసు. రెండోసారి అడుగుతాం, మూడోసారి అడగకుండానే విస్తరి వేస్తాం. అతడు తృప్తిగా భోజనం చేసి, “మిమ్మల్ని అనవసరంగా శ్రమపెట్టాను” అంటాడు. ఈ వ్యవహారంలో ఎవరూ అబద్ధమాడలేదు. మొదట పలికిన ‘వద్దు’ నిరాకరణ కాదు, అది మర్యాద. మళ్ళీమళ్ళీ అడగడం బలవంతం కాదు, అదీ మర్యాదే. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నంతటినీ తనలో ఇముడ్చుకొన్న మాట ఒకటి తెలుగులో ఉంది. అది ‘మొహమాటం’. ఇంగ్లీషులో దీనికి సరిగ్గా సరిపోయే ఒక్క మాట దొరకదు.

ఈ మొహమాటాన్ని వెంటబెట్టుకొని ఒక తెలుగు యువకుడు పై చదువులకోసం అమెరికా వెళ్ళాడనుకుందాం. ఆచార్యుడొకరు కొత్త విద్యార్థులను తన ఇంటికి విందుకు పిలిచాడు. పళ్ళెం చేతికి అందించబోతుంటే మనవాడు అలవాటు కొద్దీ “వద్దండి” అన్నాడు. ఆతిథేయుడు చిరునవ్వుతో ఆ పళ్ళాన్ని పక్కవారికి అందించాడు. రెండోసారి అడగలేదు. వద్దన్న మనిషిని మళ్ళీ అడగడం ఆ సమాజంలో అవతలి వ్యక్తి మాటను గౌరవించకపోవడమే అవుతుంది. యువకుడు ఆకలితో గదికి చేరాడు. ‘పిలిచి పెట్టలేదు’ అని అతని మనసు చివుక్కుమంది. ‘మన వంట ఇతనికి రుచించలేదు కాబోలు’ అని ఆచార్యుని ఇల్లాలు నొచ్చుకొంది. విదేశాలలో చదివివచ్చిన తెలుగువారిని కదిపితే ఇటువంటి కథ ఒకటైనా వినిపిస్తుంది. చెప్పేటప్పుడు అందరూ నవ్వుతారు. జరిగిన నాడు మాత్రం ఎవరికీ నవ్వు రాదు.

ఇది భాష రాకపోవడంవల్ల వచ్చిన చిక్కు కాదు. ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు. పదాలు ఒకరినుంచి ఒకరికి చేరాయి. వాటి వెనుక ఉన్న ఉద్దేశం చేరలేదు. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ ఈ చిక్కును లోతుగా పరిశీలించాడు. 1959లో వెలువడిన ‘ది సైలెంట్ లాంగ్వేజ్’ అనే గ్రంథంలో, మనుషులు నోటితోనే కాక కాలాన్ని పాటించే తీరుతో, ఒకరికొకరు ఎంత దూరంలో నిలబడతారన్న దానితో కూడా మాట్లాడుకొంటారని ఆయన వివరించాడు. కొన్ని సమాజాలలో చెప్పవలసిన విషయమంతా మాటల్లోనే ఉంటుందనీ, మరికొన్ని సమాజాలలో సగం విషయం సందర్భానికే వదిలివేస్తారనీ ఆయన తరువాతి రచనలలో చెప్పాడు. మన చుట్టం పలికిన ‘వద్దు’ రెండో రకానికి చెందుతుంది. అయితే ఒక దేశాన్నంతటినీ ఒకే గాటన కట్టడం ప్రమాదకరమని కూడా గుర్తించాలి. మన ఊళ్ళోనే ముక్కుసూటిగా మాట్లాడేవారూ, మాటను నాలుగు వీధులు తిప్పి చెప్పేవారూ పక్కపక్క ఇళ్ళలో ఉంటారు కదా!

ఇటువంటి భిన్న మర్యాదలు దినదినమూ ఒకదానితో ఒకటి తలపడే చోటు విశ్వవిద్యాలయ ప్రాంగణం. ఇది నేటి కథ కాదు. క్రీ.శ. 7వ శతాబ్దంలో చైనానుంచి వచ్చిన హుయాన్‌త్సాంగ్ నలందలో సంస్కృత గ్రంథాలు అధ్యయనం చేశాడు. మన ధాన్యకటకంలోనూ కొంతకాలం గడిపాడు. 1918లో హైదరాబాదులో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు, మరాఠీ, కన్నడం మాతృభాషలుగా గల విద్యార్థులు ఉర్దూ మాధ్యమంలో శాస్త్రాలు చదువుకొన్నారు. అదే నగరంలో 1958లో నెలకొల్పిన ఆంగ్లబోధన సంస్థ 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా రూపొందింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి దేశం నలుమూలలనుంచీ విద్యార్థులు వస్తారు. ఈ ప్రాంగణాల వసతిగృహాలలో ఒకే వరుసలోని నాలుగు గదులలో నాలుగు భాషలు వినిపించడం వింత కాదు. మరి ఒకటి రెండు సంవత్సరాలలో మీలో కొందరు అటువంటి వరుసలో ఒక గదికి తాళంచెవి అందుకొంటారు.

అక్కడ మొదట ఎదురయ్యే ఇబ్బంది మన భాషా నిర్మాణంలోనే దాగి ఉంది. తెలుగులో గౌరవాన్ని క్రియ చివర చేర్చుతాం. “ఆ పుస్తకం ఇవ్వండి” అంటే చాలు, ఆ ‘అండి’లోనే వినయమంతా ఇమిడిపోతుంది. ఆ వాక్యాన్ని యథాతథంగా ఇంగ్లీషులోకి మార్చి గ్రంథాలయంలో “గివ్ మి దట్ బుక్” అన్నామనుకోండి. పుస్తకం వెళ్ళింది, ‘ఇవ్వు’ వెళ్ళింది, ‘అండి’ మాత్రం దారిలో జారిపోయింది. వినేవారి చెవికి అది అజ్ఞలా వినిపిస్తుంది. ఇంగ్లీషువారు వినయాన్ని క్రియ చివర కాక వాక్యరీతిలో చూపుతారు. కోరికను ప్రశ్నగా మార్చి, ‘ఇవ్వగలరా’ అన్న ధోరణిలో అడుగుతారు. మనవాడు మనసులో ‘అండి’ అనే అనుకొన్నాడు. అది అవతలివారికి ఎలా తెలుస్తుంది?

ఈ జారుడు రెండో వైపునా ఉంటుంది. తెలుగు నేర్చుకొనే విదేశీ విద్యార్థి తోటి మిత్రులనుంచి ‘రా, కూర్చో, తిను’ అనే మాటలు పట్టుకొంటాడు. ఆ చనువు మాటలతోనే ఒకనాడు ఆచార్యుని గదికి వెళ్ళి “రా, కాఫీ తాగు” అంటే ఆయన నివ్వెరపోతాడు. ఇంగ్లీషులో ‘యూ’ అన్న ఒక్క మాటతో పిల్లవాణ్ణీ పండితుణ్ణీ పిలవవచ్చు. తెలుగులో నువ్వు, మీరు అనే భేదం ఉంది. హిందీలో తూ, తుమ్, ఆప్ అని మూడు మెట్లున్నాయి. పాఠ్యపుస్తకం చదివి ‘మీరు’, ‘అండి’ మాత్రమే నేర్చుకొన్నవాడు వీధికుక్కను సైతం “అవతలికి వెళ్ళండి” అనడం కూడా జరుగుతుంది. ఆ పొరపాటును ఎవరూ తప్పుపట్టరు. ఎక్కువ గౌరవం నవ్వు తెప్పిస్తుంది. తక్కువ గౌరవం గాయం చేస్తుంది.

మాటల ఎంపికే కాదు, వాటిని పలికే స్వరం కూడా అపార్థానికి కారణం కావచ్చు. దీనికి భాషాశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. జాన్ గంపర్జ్ అనే భాషాశాస్త్రవేత్త 1982లో ప్రచురించిన గ్రంథంలో దానిని వివరించాడు. బ్రిటన్‌లోని ఒక పెద్ద విమానాశ్రయంలో ఉద్యోగుల భోజనశాల ఉండేది. అక్కడ వడ్డించడానికి భారత, పాకిస్తాన్ దేశాలనుంచి వచ్చిన మహిళలు కొత్తగా చేరారు. వారు దురుసుగా ఉంటారనీ, సహకరించరనీ పై అధికారులూ, తినవచ్చేవారూ భావించేవారు. నిజానికి ఆ మహిళలు మాట్లాడేది బహుకొద్ది మాటలు. మాంసం తీసుకొన్నవారిని, దానిపై పోసే పులుసువంటి ‘గ్రేవీ’ కావాలా అని అడగడం వారి పని. ఇంగ్లీషు వనిత అయితే “గ్రేవీ?” అని స్వరం పైకెత్తి అడిగేది. మన మహిళలు “గ్రేవీ.” అని స్వరం దించి పలికేవారు. ఆ పలుకు వినేవారికి ప్రశ్నలా తోచలేదు. ‘ఇది గ్రేవీ, తీసుకొంటే తీసుకో’ అన్నట్లు వినిపించింది.

ఆ సంభాషణలను రికార్డు చేసి ఇరుపక్షాలకూ వినిపించారు. మొదట ఆ మహిళలకు తేడా తెలియలేదు. రెండూ ఒకే మాట, ఒకే అర్థం కదా అన్నారు. స్వరంలోని భేదాన్ని వివరించి చెప్పిన తరువాత, ఇంతకాలం తమను చూసి జనం ఎందుకు ముఖం చిట్లించారో వారికి బోధపడింది. అధికారులకు కూడా, స్వరం దించి అడగడం ఆ మహిళల సహజమైన ప్రశ్నారీతి అనీ, అందులో పొగరు లేదనీ తెలిసింది. ఇక్కడ తెలుగువారు గమనించవలసిన విశేషం ఒకటుంది. మనం ‘కావాలా’, ‘వచ్చాడా’ అని మాట చివర ‘ఆ’ చేర్చి ప్రశ్నను తయారుచేస్తాం. ప్రశ్న బరువును ఆ దీర్ఘమే మోస్తుంది. ఇంగ్లీషులో ఒక్క మాటతో ప్రశ్నించాలంటే ఆ బరువును స్వరమే మోయాలి. ఈ సంగతి వ్యాకరణ పాఠంలో ఎవరూ చెప్పరు. అందుచేతనే వ్యాకరణదోషం చేసినవాణ్ణి ‘భాష రాదు’ అని క్షమిస్తారు. స్వరదోషం చేసినవాణ్ణి ‘మనిషి మంచివాడు కాదు’ అని తీర్మానిస్తారు.

పేర్ల విషయంలో జరిగే తికమక ఇంతకంటె తేలికైనది. అయినా మనిషికి తన పేరంత దగ్గరిది మరొకటి లేదు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు తరువాత. పాశ్చాత్య దేశాల దరఖాస్తులలో వంశనామం చివర ఉండాలి. ఎక్కడ ఏది రాయాలో తెలియక తారుమారు చేసినందువల్ల, చదువు ముగిసేవరకూ తరగతిలో ఇంటిపేరుతోనే పిలిపించుకొన్న తెలుగు అమ్మాయిలు ఉన్నారు. ఇథియోపియావారికి వంశనామమే ఉండదు. తన పేరు తరువాత తండ్రి పేరు రాసుకొంటారు. మిజోరాం పేర్లలో పురుషుల పేర్లు సాధారణంగా ‘అ’ శబ్దంతోనూ, స్త్రీల పేర్లు ‘ఇ’ శబ్దంతోనూ ముగుస్తాయి. ఇది తెలియని గుమాస్తా ‘ఇంటిపేరు’ గడిని ఖాళీగా వదలకూడదని పట్టుపడితే, ఆ విద్యార్థి తనకు లేని దానిని ఎక్కడనుంచి తెచ్చి నింపుతాడు?

తరగతి గదిలో మౌనం మరొక సమస్య. గురువు మాట్లాడుతుండగా అడ్డు చెప్పకపోవడం మన దృష్టిలో వినయం. అనేక పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో చర్చలో పాల్గొనడానికి ప్రత్యేకంగా మార్కులుంటాయి. అక్కడ మౌనంగా కూర్చున్నవాడు పాఠం చదివి రాలేదని అనుకొంటారు. మన తల ఊపు సంగతి సరేసరి. అటూ ఇటూ ఊగే ఆ తల అవునంటున్నదో, కాదంటున్నదో, కేవలం ‘వింటున్నాను’ అంటున్నదో కొత్తగా వచ్చిన విదేశీ అధ్యాపకునికి ఒక పట్టాన అంతుపట్టదు.

ఇంతకంటె తీవ్రమైనది వ్యాసరచనకు సంబంధించిన విషయం. మన చదువులలో పెద్దల గ్రంథంలోని వాక్యాలను కంఠస్థం చేసి పరీక్షలో యథాతథంగా రాయడం శ్రద్ధకు గుర్తుగా చెల్లుబాటు అవుతూ వచ్చింది. విదేశీ విశ్వవిద్యాలయంలో అదే పని చేసి మూలాన్ని పేర్కొనకపోతే గ్రంథచౌర్యం అంటారు. అందుకు మార్కులు పోవచ్చు, విశ్వవిద్యాలయంనుంచే తొలగించనూ వచ్చు. నేడు మన దేశంలోనూ ఈ నియమం అమలులో ఉంది. పరిశోధన వ్యాసాలలో గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు జారీ చేసింది. ఇందులో సంస్కృతి పేరు చెప్పి తప్పించుకొనే వీలు లేదు. అయితే కొత్తగా వచ్చిన విద్యార్థికి ఆ నియమాన్ని మొదటి వారంలోనే స్పష్టంగా చెప్పకుండా, తప్పు చేసిన తరువాత దొంగ అని ముద్రవేయడం న్యాయం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇంతవరకూ దేశాంతరాల మాట చెప్పుకొన్నాం. తెలుగువారిలో తెలుగువారికే ఈ ఇబ్బంది లేదా? కోస్తా జిల్లాలలో ఇంటినుంచి బయలుదేరేవారు ‘వెళ్ళొస్తాను’ అనాలి. ‘పోతాను’ అంటే పెద్దలు నొచ్చుకొంటారు. ‘పోవడం’ అనే మాటలో వారికి మరణం వినిపిస్తుంది. తెలంగాణలో ‘పోతున్న’, ‘పోయొస్త’ అనేవి నిత్యం వాడే మంగళకరమైన మాటలు. తెలంగాణ పల్లెలలో పెద్దవారిని సైతం ‘నువ్వు’ అని ఆప్యాయంగా పలకరించడం కద్దు. ఈ సంగతి తెలియని కోస్తా విద్యార్థి, పక్క గదిలోని మిత్రుడు మర్యాద ఎరగనివాడని అనుకొంటాడు. కోస్తావారి ‘అండి’లో ఇతనికి ప్రేమకు బదులు ఎడం వినిపిస్తుంది. బయలుదేరుతున్నవారిని ‘ఎక్కడికి’ అని అడగడం అపశకునమని ‘ఎందాకా’ అని అడిగే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఆ ‘ఎందాకా’కు సమాధానం చెప్పి తీరాలని ఎవరూ ఆశించరు. ‘ఇక్కడిదాకా’ అంటే సరిపోతుంది. ఒక విదేశీ విద్యార్థిని మాత్రం, తన రాకపోకలను అందరూ ఎందుకు ఆరా తీస్తున్నారని కలత చెందితే ఆమెను తప్పుపట్టలేం.

ఈ అపార్థాలలో పాలు ఇద్దరికీ సమానమే. నష్టం మాత్రం సమానం కాదు. భోజనశాలలో ఒక బల్లచుట్టూ ఏడుగురు తెలుగువారు, ఒక మణిపురి విద్యార్థి కూర్చున్నారనుకోండి. సంభాషణ ఇంగ్లీషులో మొదలవుతుంది. ఒకరు తెలుగులో చమత్కరిస్తారు, మిగిలిన ఆరుగురూ నవ్వుతారు. అక్కడినుంచి మాటలు తెలుగులోనే సాగుతాయి. ఎవరిలోనూ దురుద్దేశం లేదు. ఆ ఏడుగురూ మరునాటికి ఆ పూటను మరచిపోతారు. ఎనిమిదోవాడు మరచిపోడు. వారం తిరిగేసరికి అతడు వేరే బల్ల వెతుక్కొంటాడు. ‘వాళ్ళు మనతో కలవరు’ అన్న మాట పుడుతుంది. దానికి ముఖకవళికలను పట్టి పెట్టే పేర్లు తోడయితే పరిస్థితి మరింత విషమిస్తుంది. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన ఒక విద్యార్థి జుట్టును చూసి కొందరు ఎగతాళి చేశారు. అక్కడ రేగిన తగవు అతని మరణంతో ముగిసింది. ఈశాన్య రాష్ట్రాలవారు ఇతర ప్రాంతాలలో ఎదుర్కొంటున్న ఇబ్బందులను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాదే బెజ్‌బరువా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించవలసి వచ్చింది. ఎగతాళి చేసినవారు దానిని ‘సరదా’ అనే అనుకొని ఉండవచ్చు.

కొత్తగా వచ్చినవాడే సర్దుకోవాలని లోకం సాధారణంగా భావిస్తుంది. ఇందుకు భిన్నంగా నడచిన తెలుగువారిలో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ప్రథమగణ్యులు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయన మీకు పరిచితులే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉన్న కాలంలో ఆయన చుట్టుపక్కల కొండలనుంచి వచ్చే సవరలను చూశారు. వారి భాష తెలుగు కుటుంబానికి చెందినది కాదు; ముండా కుటుంబానికి చెందినది. దానికి అప్పటికి వ్యాకరణం లేదు, పుస్తకాలు లేవు. సవరలే తెలుగు నేర్చుకొని రావాలని ఆయన అనుకొని ఉంటే ఎవరూ ఆక్షేపించేవారు కారు. ఆయన మాత్రం తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకొని, తాను వారి భాష నేర్చుకొన్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పాఠశాలలు నడిపారు, పుస్తకాలు రాశారు. ఆయన కూర్చిన సవర వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. అనేక సంవత్సరాల శ్రమ అది. చదువు, హోదా ఉన్న మనిషి, అవి లేనివారి గడప ముందు శిష్యునిగా నిలబడి మాటలు నేర్చుకొన్నాడు.

మీనుంచి ఎవరూ నిఘంటువు కోరరు. ప్రాంగణంలో మీరు స్థానికులైతే, మీ భాష మాట్లాడేవారు పదిమంది ఉంటే, చేయవలసిన పనులు చిన్నవే. బల్లదగ్గర చమత్కారం తెలుగులో పలికినప్పుడు, దాని సారాన్ని పక్కవాడికి వచ్చిన భాషలో ఒక్క ముక్క చెప్పవచ్చు. అనువాదంలో చమత్కారం చచ్చిపోతుందన్న మాట నిజమే, అయినా చెప్పాలి. అవతలివారి మాట కటువుగా తోచినప్పుడు, నొచ్చుకొని తప్పుకోవడానికి ముందు ‘మీరు అన్నదానికి అర్థం ఇదేనా’ అని ఒకసారి అడగవచ్చు. మిజోరాంనుంచో, సూడాన్‌నుంచో వచ్చిన సహాధ్యాయి పేరు నోరు తిరగకపోతే, దానిని మీకు వీలుగా కుదించి ముద్దుపేరు పెట్టకుండా, ‘మీ ఇంట్లో నిన్ను ఎలా పిలుస్తారు?’ అని అడిగి, అతడు పలికినట్లు రెండుమూడుసార్లు పలికి చూడవచ్చు. తప్పు పలికితే అతడు నవ్వుతాడు. ఆ తరువాత మీ ఇంటిపేరు పలకడం అతని వంతు అవుతుంది.